పజిళ్లు ముందు, ఇంజిన్ తరవాత: సోటా ఫుజీ గురించి

(పిల్లల చదరంగ శిక్షణ శిబిరం చివరి రోజున ఒక కోచ్ చేసిన ప్రసంగం. రాలేకపోయిన తల్లిదండ్రుల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే. పిల్లలూ, బోర్డులు కాసేపు పక్కన పెట్టండి. క్లాకులు కూడా ఆపండి. ఆ గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మల్నీ నాన్నల్నీ లోపలికొచ్చి కూర్చోమంటున్నాను. ఎందుకంటే ఇవాళ్టి మాటల్లో సగం వాళ్ల కోసమే.

శిబిరం మొదలైన దగ్గర్నుంచి పెద్దవాళ్లు నన్ను అడుగుతున్నది ఒకటే. "సార్, మావాడికి ఏ ఇంజిన్ పెట్టమంటారు? రోజుకి ఎన్ని గంటలు?" ఇంజిన్ అంటే ఎత్తులు లెక్కగట్టి ఏది మంచిదో చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్. వాడికి ఎనిమిదేళ్లు! ఇంకా రూక్ ఎండింగ్ సరిగ్గా రాదు. నిన్న ఒకాయన లాప్‌టాప్ పట్టుకొచ్చి, ఏ ప్రాసెసర్ ఉంటే మంచిదని అడిగారు. ఆయన ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు. మీకు జవాబు చెప్పాలంటే నేను జపాన్ దాకా వెళ్లి రావాలి. కొంచెం ఓపిక పట్టండి.

మనవాళ్లు లేరా, జపాన్ ఎందుకు అంటారేమో. హంపి, హరికృష్ణ, హారిక, అర్జున్, వీళ్ల కథలు మీకు నాకన్నా బాగా తెలుసు. అందుకే మీకు తెలియని ఆటలోంచి ఒక కుర్రాణ్ణి తెచ్చాను. పేరు సోటా ఫుజీ. 2002 జులైలో పుట్టాడు. మన అర్జున్ ఇరిగేసి 2003 సెప్టెంబరు. అంటే ఇద్దరిదీ దాదాపు ఒకటే ఈడు, ఏడాది చిల్లర తేడా.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. జపాన్ వాళ్ల చదరంగాన్ని షోగీ అంటారు. మన దగ్గర పుట్టిన చతురంగం పడమటికి పోయి చెస్ అయింది, తూర్పున అనేక దేశాల్లో అనేక రూపాలెత్తింది, వాటిల్లో ఇదొకటి. అడ్డం తొమ్మిది గళ్లు, నిలువు తొమ్మిది గళ్లు. ఒక్కొక్కరికి ఇరవై పావులు. అయితే నలుపు, తెలుపు ఉండవు. అన్నీ ఒకే రంగు చెక్క ముక్కలు, ఒకవైపు మొనదేలి ఉంటాయి. మొన మీవైపు చూస్తోందంటే అది ఎదుటివాడి పావు. ఎందుకలా పెట్టారు? ఎవరైనా చెప్పగలరా? ఎందుకంటే షోగీలో చంపిన పావు డబ్బాలోకి పోదు. చంపినవాడిదవుతుంది. దాన్ని తిప్పి పట్టుకుని, తన వంతు వచ్చినప్పుడు, ఒకటి రెండు నిబంధనలకు లోబడి, ఏ ఖాళీ గడిలోనైనా దించుకోవచ్చు.

ఇప్పుడు మీరు ఆలోచించండి, దీనివల్ల ఏమవుతుంది? చెస్‌లో ఆట ముదిరేకొద్దీ బోర్డు ఖాళీ అవుతుంది, కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. ఇక్కడ పావులు తగ్గవు. ముదిరేకొద్దీ రెండువైపులా దాడి పెరుగుతుంది. ఒక్క ఎత్తు ఆలస్యమైతే మేట్, అంటే రాజుకి తప్పించుకునే దారి లేక ఆట కట్టు. డ్రాలు చాలా అరుదు. కాబట్టి చివర్లో మేట్ ఉందా లేదా అన్నది ఎవరు ముందు చూస్తే వాళ్లదే ఆట. ఈ మాట గుర్తుంచుకోండి, మన కుర్రాడి కథంతా దీని మీదే నడుస్తుంది.

ఐచి రాష్ట్రంలో, నగోయా పక్కన, సెటో అని ఒక ఊరుంది. పింగాణీకి పేరున్న ఊరు. ఫుజీకి అయిదేళ్లప్పుడు, 2007లో, అమ్మమ్మ ఒక షోగీ సెట్టు తెచ్చింది. చిన్నపిల్లల సెట్టు, ఏ పావు ఎటు కదులుతుందో పావు మీదే బాణం గుర్తులతో వేసి ఉంటుంది. తరవాత కొద్ది కాలానికే ఇంట్లో వాళ్లెవరూ వాడికి చాలలేదు. ఆరో పుట్టినరోజు కార్డులో, పెద్దయ్యాక ఏమవుతావంటే, షోగీ మెయిజిన్ అవుతానని రాశాడు. మెయిజిన్ అంటే ఆ ఆటలో నాలుగు వందల ఏళ్లుగా వస్తున్న పట్టం. ఇంకో సంగతి, మూడేళ్లప్పుడు చెక్క దిమ్మెలు పేర్చి గోలీలు దొర్లించే ఒక స్విట్జర్లాండ్ బొమ్మతో ఆడుకునేవాడట. ఆ మాట టీవీలో రాగానే జపాన్‌లో ఆ బొమ్మలు దుకాణాల్లో దొరక్కుండా పోయాయి. అక్కడి అమ్మానాన్నలూ మనలాంటివాళ్లే! మీరు ఇప్పుడు ఫోన్లో వెతక్కండి, ప్లీజ్.

నాకు బాగా ఇష్టమైన ఘట్టం 2010లో జరిగింది. నగోయాలో షోగీ వేడుక. కోజీ తనిగావా వచ్చారు. ఎవరీయన? 1983లో 21 ఏళ్లకే మెయిజిన్ అయిన మనిషి. పిల్లలతో సరదా ఆటలు ఆడుతున్నారు. ఎనిమిదేళ్ల ఫుజీతో తన రూక్, బిషప్ రెండూ తీసేసి ఆడారు. అయినా ఫుజీ ఓడిపోయే స్థితిలో ఉన్నాడు. టైమ్ అయిపోతోంది. పెద్దాయన కదా, పిల్లవాడి ముచ్చట తీరుద్దామని, డ్రా చేసుకుందామా అన్నారు. మీ పిల్లలైతే ఏం చేస్తారు? ఎగిరి గంతేస్తారు, ఫొటో దిగుతారు. వీడు బోర్డు మీద పడి భోరుమని ఏడ్చాడు. డ్రా ఇస్తానంటే ఏడ్చాడండీ! గెలుద్దామనుకున్న ఆట అది. ఆ పక్కనే నిలబడి ఇదంతా చూసిన వాళ్లలో మసటాకా సుగిమోటో అనే ప్రొఫెషనల్ ఉన్నారు. తరవాత ఆయనే గురువయ్యారు.

షోగీలో గురువు లేకుండా శిక్షణ సంస్థలోకి ప్రవేశం ఉండదు. దాని పేరు షోరెయికాయి. దాన్ని గురించి తల్లిదండ్రులు కాస్త శ్రద్ధగా వినాలి. ఆ పిల్లలంతా వాళ్ల వాళ్ల ఊళ్లలో చాంపియన్లే. క్యూ, దాన్ అనేవి అక్కడి స్థాయిల పేర్లు. అడుగున ఆరో క్యూ నుంచి మొదలై, మూడో దాన్ దాకా మెట్లెక్కాలి. ఆ పైన ఒక లీగ్ ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు, ఒక్కొక్కరు 18 గేములు. మొదటి ఇద్దరు ప్రొఫెషనల్స్ అవుతారు. ఇద్దరే. అంటే ఏడాది మొత్తానికి మామూలుగా నలుగురు. ఇక వయసు. 21 ఏళ్లకి మొదటి దాన్ రాకపోతే ఇంటికి. 26 ఏళ్లకి నాలుగో దాన్ రాకపోతే, అంటే ప్రొఫెషనల్ కాకపోతే, చిన్న సడలింపు తప్ప, ఇంటికే. పదేళ్లకి చేరి, పదహారేళ్లు అదే లోకంగా బతికి, ఇరవయ్యారేళ్లకి డిగ్రీ లేకుండా బయటికొచ్చిన కుర్రాళ్లు ఎంతమందో ఉన్నారు. వాళ్ల పేర్లు మనకి తెలియవు. ఫుజీ కథ చెప్పేటప్పుడు వాళ్లని మరిచిపోతే అది అబద్ధం చెప్పినట్టే.

ఆడపిల్లల అమ్మలు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఇది కూడా చెప్తాను. మన హంపి 2002లో పదిహేనేళ్లకి గ్రాండ్‌మాస్టర్ అయింది, మగవాళ్లు ఏ నార్మ్‌లు, అంటే ఆ హోదాకి కావలసిన టోర్నమెంట్ ఫలితాలు, తెచ్చుకున్నారో అవే తెచ్చుకుంది. షోగీలో ఆడవాళ్లకి వేరే ప్రొఫెషనల్ విభాగం ఉంది. అసలు లీగ్ దాటి రావడం మాత్రం మహా కష్టం. టోమోకా నిషియామా అనే ఆవిడ 2020లో ఆ మూడో దాన్ లీగ్‌లో 14 గెలిచి 4 ఓడింది. రెండో స్థానంలో ఉన్నవాడివీ అన్నే విజయాలు. పాత ర్యాంకు చూసి అతన్ని తీసుకున్నారు. ఈవిడ మూడోది. 2025 జనవరిలో ఇంకో దారిన, అంటే ప్రవేశ పరీక్ష మ్యాచ్‌లలో, మళ్లీ 2-3తో పోయింది. గడప మీద కాలుపెట్టి రెండుసార్లు వెనక్కి రావడం అంటే మాటలా?

సరే, ఫుజీ. 2012లో పదేళ్లకి షోరెయికాయిలో చేరాడు. 13 ఏళ్లకి మూడో దాన్. 2016లో మొదటి లీగ్‌లోనే 13 గెలిచి, 5 ఓడి, మొదటి స్థానం. అక్టోబరు 1న ప్రొఫెషనల్ అయ్యాడు. వయసు 14 ఏళ్ల 2 నెలలు. అంతకుముందు రికార్డు హిఫుమి కాటోది, 14 ఏళ్ల 7 నెలలు. అది 1954 నాటి రికార్డు.

మరి ఈ పిల్లవాడు ఏం చేసి ఇంతవాడయ్యాడు? ఏ ఇంజిన్ పెట్టుకున్నాడు? ఇక్కడే నేను చెప్పదలచుకున్నది.

షోగీలో మేట్ పజిళ్లు ఒక పెద్ద విద్య. దాడి చేసేవాడి ప్రతి ఎత్తూ షహా, అంటే రాజుకి చెక్, అవ్వాలి, మేట్‌తోనే ముగియాలి. మూడు ఎత్తుల పజిళ్లుంటాయి, యాభై ఎత్తులవి ఉంటాయి, వందలు దాటినవీ ఉన్నాయి. పావులు కదపకుండా తలలోనే చెయ్యాలి. వీటికి ఏటా ఒక పోటీ జరిగేది, ప్రొఫెషనల్స్ కూడా వస్తారు. 2015 మార్చిలో పన్నెండేళ్ల ఫుజీ వెళ్లాడు. ఇంకా ప్రాథమిక పాఠశాల పిల్లవాడే, ప్రొఫెషనల్ కూడా కాలేదు. అన్నీ సరిగ్గా చేసి, పెద్దవాళ్లందర్నీ దాటి మొదటివాడయ్యాడు. ఒక్కసారి కాదు. 2015 నుంచి 2019 దాకా వరసగా అయిదేళ్లు అతనే.

ఇంజిన్ ఎప్పుడొచ్చింది? మూడో దాన్‌కి వచ్చాక, 2016లో. ఒక సీనియర్ చెప్తే మొదలుపెట్టాడు. గమనించారా? అప్పటికి పజిళ్ల పోటీలో దేశంలో మొదటివాడై ఏడాది దాటింది. మిషన్ వచ్చేసరికి, ఆ మిషన్ చెప్పేది ఎందుకు నిజమో తనే తరచి చూసుకోగల బుర్ర తయారై ఉంది. ఓపెనింగ్‌లో, మధ్య ఆటలో తన అంచనా ఎక్కడ తప్పుతోందో దాంతో సరిచూసుకున్నాడు. మన దగ్గర ఏం జరుగుతోంది? గేము అవగానే పిల్లాడి కన్నా ముందు నాన్న ఫోన్ తీస్తాడు. "చూడు, ఇక్కడ ప్లస్ రెండు ఉన్నావు, పాడుచేశావు" అంటాడు. ప్లస్ రెండు అంటే ఎవరిది ఎంత పైచేయో ఇంజిన్ వేసే అంకె. అది ఎందుకయిందో ఆ నాన్నకీ తెలియదు, పిల్లాడికీ తెలియదు! అన్నం వండటం రాకముందే ఉప్పు తక్కువైందని తిట్టినట్టుంటుంది. ఫుజీ తరవాత ఇంజిన్‌ని తక్కువేం వాడలేదు సుమండీ. కంప్యూటర్ విడిభాగాలు కొనుక్కుని తనే బిగించుకునేంత పిచ్చి అతనికి. ప్రాసెసర్ గురించి అడిగిన మీకు అతనే సరైన మనిషి. నేను అనేది వరస గురించి. ఏది ముందు, ఏది తరవాత అని.

ఇక ప్రొఫెషనల్ జీవితం. మొదటి గేము 2016 డిసెంబరు 24న. ఎదురుగా ఎవరు? కాటోనే! రికార్డు పోగొట్టుకున్న ఆయనే. ఆయనకి 76, ఇతనికి 14. అరవై రెండేళ్ల తేడా. ఆ తేడాతో ఒక అధికారిక గేము మీరు ఏ ఆటలో చూస్తారు? ఫుజీ గెలిచాడు. ఆ తరవాతది గెలిచాడు. ఆ తరవాతదీ. మొదటి ఓటమి లేకుండా వరసగా 29. పాత రికార్డు 28, ముప్పై ఏళ్ల నాటిది. 2017 జూన్ 26న అది దాటితే, పత్రికలు ప్రత్యేక సంచికలు వేసి వీధుల్లో పంచాయి. మధ్యాహ్నం ఏం తిన్నాడన్నది కూడా టీవీ వార్తే. జులై 2న యూకీ ససాకీ చేతిలో ఆ వరస ఆగింది.

ఆ వసంతంలోనే ఇంకొకటి జరిగింది. ఏప్రిల్, మే నెలల్లో పొనాన్జా అనే ప్రోగ్రామ్, అప్పటి మెయిజిన్ అమహికో సాటోని రెండుకి రెండు గేముల్లో ఓడించింది. మెయిజిన్‌నే! ఇక ఈ ఆట ఎవరు చూస్తారు అని అనుమానపడే సమయం అది. సరిగ్గా అప్పుడు దేశమంతా ఒక తొమ్మిదో తరగతి కుర్రాడి గేముల కోసం టీవీల ముందు కూర్చుంది. నాకైతే ఇందులో ఆశ్చర్యం లేదు. మిషన్ ఓడితే ఎవరికి బాధ?

2020కి వద్దాం. 17 ఏళ్లకి మొదటి టైటిల్ మ్యాచ్, కిసెయి టైటిల్ కోసం అకిరా వటనాబేతో. రెండో గేము, జూన్ 28. యాభై ఎనిమిదో ఎత్తులో ఫుజీ ఇరవై నిమిషాలకు పైగా ఆలోచించి, చేతిలో ఉన్న ఒక పావుని తన రాజు పక్కకి, అడుగు వరసలో దించాడు. సిల్వర్ అంటారు ఆ పావుని. దాడి చెయ్యడానికి పనికొచ్చే పావుని కాపలాకి పెట్టాడు. చూడ్డానికి పిరికి ఎత్తు. వ్యాఖ్యాతలకి అంతుపట్టలేదు. ఇంజిన్ కూడా దాన్ని మొదట మెచ్చలేదు. తరవాత సుయిషో అనే బలమైన ఇంజిన్ తయారుచేసినాయన పరీక్షించి చెప్పారు. 40 కోట్ల స్థితులు లెక్క కట్టేదాకా ఆ ఎత్తు మొదటి అయిదింట్లో లేదు. 60 కోట్లకి వచ్చేసరికి ఒక్కసారిగా మొదటిదైంది. ఇంజిన్‌ని మించిన మనిషి అని హెడ్డింగులు పెట్టారు. నేను అంత దూరం పోను. అతను 60 కోట్లు లెక్కపెట్టలేదు కదా. చూడక్కర్లేనివి వదిలేశాడు. ఆ వదిలెయ్యడం ఎక్కణ్ణుంచి వచ్చింది? చిన్నప్పటి పజిళ్ల నుంచి వచ్చిందనే నా నమ్మకం. జులై 16న 3-1తో టైటిల్ గెలిచాడు. 17 ఏళ్ల 11 నెలలు, అదీ రికార్డే.

తరవాతి మూడేళ్లు గబగబా చెప్పేస్తాను, లేకపోతే మీకు జాబితా చదివినట్టుంటుంది. షోగీలో పెద్ద టైటిళ్లు ఎనిమిది. ఒక్కొక్కటే వచ్చి చేరింది. ర్యూఓ 2021లో. చిన్నప్పుడు కార్డులో రాసుకున్న మెయిజిన్ 2023 జూన్ 1న, 20 ఏళ్ల 10 నెలలకి. అప్పటిదాకా ఆ రికార్డు ఎవరిదో తెలుసా? ఆ రోజు డ్రా ఇస్తానన్న తనిగావాది!

ఎనిమిదోది ఓజా. 2023 అక్టోబరు 11, క్యోటో. ఎదురుగా టకుయా నగాసే. ఇద్దరూ ఏళ్ల తరబడి కలిసి సాధన చేసేవాళ్లు, ఒకరి ఆట ఒకరికి తెలుసు. ఆ గేములో నగాసే గెలిచే స్థితికి వచ్చేశాడు. టీవీ తెర మీద ఇంజిన్ అంకె దాదాపు మొత్తం అతనివైపే. ఇద్దరికీ ఎత్తుకి ఒక నిమిషమే మిగిలింది. మేట్ బోర్డు మీద ఉంది, కానీ నిమిషంలో అందలేదు. వేరే ఎత్తు వేసేశాడు. వేసిన మరుక్షణం తెలిసిపోయింది అతనికి. జుట్టు పీక్కున్నాడు, తల పట్టుకున్నాడు. ఆ వీడియో చూడండి, టెన్షన్ అంటే ఏమిటో తెలుస్తుంది. ఫుజీ మాత్రం కదల్లేదు, బోర్డు వైపే వంగి ఉన్నాడు. 21 ఏళ్ల 2 నెలలకి ఎనిమిది టైటిళ్లూ ఒకడివే. అంతకుముందు హబు అనే షోగీ ఆటగాడు 1996లో, టైటిళ్లు ఏడే ఉన్నప్పుడు, ఏడూ పట్టాడు.

షోగీలో ఓడినవాడు గడియారం ఆపి లేచి వెళ్లిపోడు. తల వంచి "ఓడిపోయాను" అని నోటితో అనాలి. ఆ తరవాత ఇద్దరూ అక్కడే కూర్చుని గేము మొదట్నుంచి మాట్లాడుకోవాలి, ఎక్కడ ఏం అనుకున్నావు, నేనేం అనుకున్నాను అని. ఇంజిన్ ఉండదు అక్కడ. రేపటి నుంచి మన పిల్లలతో ఇది చేయిద్దామనుకుంటున్నాను. నాన్నలు బయట టీ తాగొచ్చు ఆ టైమ్‌లో.

చదువు సంగతి అడుగుతారు, నాకు తెలుసు. ఫుజీ 2021 జనవరి చివర్లో హైస్కూల్ మానేశాడు. మార్చిలో పూర్తయ్యేది. రెండు నెలలు! అప్పటికి రెండు టైటిళ్లున్నాయి, ఆట మీదే ఉండాలనుకున్నాడు. దీన్ని పట్టుకుని మీవాడు సోమవారం స్కూలు మానేస్తానంటే నన్ను అనకండి. అక్కడ ప్రొఫెషనల్ అయ్యాక రాబడి ఉంటుంది, టోర్నమెంట్లకి పెద్ద పత్రికలు డబ్బు పెడతాయి. ర్యూఓకి యోమియురి, మెయిజిన్‌కి అసాహి, మైనిచి. 2023లో ఫుజీ సంపాదన 18 కోట్ల యెన్‌లకు పైనే, అంటే ఇంచుమించు పది కోట్ల రూపాయలు. మన పిల్లాడు గ్రాండ్‌మాస్టర్ నార్మ్ కోసం యూరప్ వెళ్తే టికెట్ ఎవరు కొంటారు? మీరే. ఆ తేడా మరిచిపోయి నిర్ణయాలు తీసుకోవద్దు.

చివరగా టకుమి ఇటో గురించి చెప్పి ఆపుతాను. 2012 జనవరిలో, మూడో తరగతి పిల్లల జాతీయ టోర్నమెంట్ సెమీఫైనల్లో ఫుజీని ఇటో ఓడించాడు. ఫుజీ ఏడ్చాడు. మళ్లీ ఏడ్చాడు, అవును! ఇటో ఫుజీ కన్నా మూడు నెలలు చిన్న. ప్రొఫెషనల్ అవడం మాత్రం నాలుగేళ్లు వెనక. పెద్ద టైటిల్ మ్యాచ్‌లలో మొదట్లో ఫుజీ చేతిలో వరసగా ఓడాడు. 2024 జూన్ 20న, కోఫులో, ఎయిఓ టైటిల్ అయిదో గేములో గెలిచాడు. ఫుజీ అప్పటికి వరసగా 22 టైటిల్ మ్యాచ్‌లు గెలిచి ఉన్నాడు. ఎనిమిది టైటిళ్లు 254 రోజులు నిలిచాయి, అక్కడితో ఏడయ్యాయి. 2025 అక్టోబరులో ఓజాని కూడా ఇటోనే 3-2తో తీసుకున్నాడు. నగాసే జుట్టు పీక్కున్న ఆ టైటిలే. ఫుజీకి అప్పటికి ఆరు మిగిలాయి. పడిపోతున్నాడని కొందరంటున్నారు. ఆరు టైటిళ్లున్నవాడు పడిపోవడమేమిటి? నాకు కనిపిస్తున్నదల్లా, ఇన్నాళ్లకి అతనికి సరిజోడు దొరికాడని. పజిళ్లు ఇటోకీ ప్రాణమే, అది వేరే చెప్పాలా?

నాకిచ్చిన టైమ్ దాటిపోయింది. ఇక అడగండి. ఆ చివరి బెంచీ అబ్బాయి నేను సెటో ఊరి మాట ఎత్తిన దగ్గర్నుంచి చెయ్యెత్తే ఉన్నాడు, ముందు వాడికివ్వండి మైకు.